ఇంటిపేరు లేని కీ

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రాసిన కోడ్ రివ్యూ చేస్తూ ఒకచోట ఆగాను. రెడిస్ అంటే డేటాని ఒక్కో పేరు కింద మెమరీలో దాచి, అడగ్గానే ఇచ్చే స్టోర్; ఆ పేరునే కీ అంటారు. అందులో పెట్టే కీకి 'ఆర్డర్:1024' లాంటి పేరు పెట్టింది. పొందికగా ఉంది, చూడగానే అర్థమవుతోంది. దాని కింద "దీనికి ముందు మన సర్వీసు పేరు పెట్టమ్మా" అని రాశాను. "ఈ రెడిస్‌ని మనం ఒక్కళ్లమే వాడుతున్నాం కదా సార్, ఎందుకు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అక్కడ రెండు ముక్కల్లో జవాబు రాశాను గానీ నాకే తృప్తిగా అనిపించలేదు. ఆ జవాబు వెనక ఆరేళ్ల కిందటి రెండు రోజులున్నాయి. వాటి గురించి చెప్పకుండా ఆ మాట చెబితే ఉత్త రూల్‌లా వినిపిస్తుంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఇద్దరు 412లు

అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ చిన్నది. కిరాణా దుకాణాల వాళ్లు సరుకు ఆర్డర్ పెట్టుకునే యాప్ మా టీమ్‌ది. ఆ సరుకు తీసుకెళ్లే డెలివరీ కుర్రాళ్ల యాప్ పక్క టీమ్‌ది. డేటాబేసులు వేరు, కోడ్ వేరు, చివరికి భాష కూడా వేరు: మాది పైథాన్, వాళ్లది నోడ్ మీద నడిచే జావాస్క్రిప్ట్. ఖర్చు తగ్గించాలని రెండు యాప్‌ల క్యాష్‌లనీ, అంటే మాటిమాటికీ కావలసిన డేటాని కాసేపు దగ్గర పెట్టుకునే చోట్లనీ, ఒకే రెడిస్ మీదికి మార్చాం. మార్చే ముందు మెమరీ సరిపోతుందా అని చూశాం, కనెక్షన్లు సరిపోతాయా అని చూశాం. కీల పేర్లు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

మూడో రోజు నిజామాబాద్ నుంచి ఒక దుకాణదారు ఫోన్ చేశాడు. "సార్, యాప్ తెరిస్తే నా పేరు కాడ వేరేటోళ్ల పేరు వస్తుంది. ఫోన్ నంబర్ గూడ నాది కాదు" అన్నాడు. మేం తెరిచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. మళ్లీ చూడమంటే ఆయనకీ సరిగ్గానే వచ్చింది. సాయంత్రం మళ్లీ ఆయనే. ఈసారి స్క్రీన్‌షాట్ పంపాడు. అందులో ఉన్న పేరు మా డేటాబేసులో లేనే లేదు. ఏ టేబుల్‌లో వెతికినా దొరకలేదు. బయటివాళ్లెవరో మా సిస్టమ్‌లోకి దూరారేమోనని ఆ రాత్రంతా టెన్షన్. పాస్‌వర్డులన్నీ మార్చాం. లాగ్‌లలో ఒక్క ఎర్రర్ లేదు.

మర్నాడు మధ్యాహ్నం, వేరే దారి తోచక, రెడిస్‌లో మానిటర్ కమాండ్ పెట్టి వచ్చే పోయే కమాండ్లన్నీ కళ్లతో చదువుతూ కూర్చున్నాం. 'యూజర్:412' అనే కీలో ఎవరో విలువ రాస్తున్నారు. ఆ విలువలో పేరు ఉంది, ఫోన్ నంబర్ ఉంది, వాటి పక్కన బండి నంబర్ ఉంది. కిరాణా దుకాణానికి బండి నంబర్ ఎందుకు? అప్పుడర్థమైంది. మా 412వ యూజర్ నిజామాబాద్ దుకాణదారు. పక్క టీమ్ 412వ యూజర్ ఒక డెలివరీ కుర్రాడు. రెండు డేటాబేసుల్లోనూ నంబర్లు 1 నుంచే మొదలయ్యాయి కాబట్టి ప్రతి నంబరుకీ ఇద్దరు మనుషులున్నారు. కీ ఒక్కటే. ఎవరు చివర రాస్తే వాళ్ల వివరాలు 15 నిమిషాలు ఉంటాయి, గడువు తీరగానే పోతాయి. అందుకే మేం చూసినప్పుడు అంతా బాగుంది. పేరు, ఫోన్ అనే రెండు ఫీల్డులూ రెండు యాప్‌లలోనూ ఒకేలా ఉండటంతో ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు, చదివింది చదివినట్టు చూపించేసింది.

ఒక కుర్రాడి ఫోన్ నంబర్ ముక్కూ మొహం తెలియని మనిషి స్క్రీన్ మీదికి వెళ్లింది. అలా ఎంతమందివి వెళ్లాయో మేం పూర్తిగా లెక్క తేల్చలేకపోయాం. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పద్ధతి పాటించినందుకే

తర్వాత రోజు రెండు టీమ్‌లూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు నాకు తట్టిన విషయమే ఈ వ్యాసానికి కారణం. మాలో ఎవరూ చెత్త పేరు పెట్టలేదు. 'ఎక్స్', 'టెంప్', 'డేటా2' లాంటివి పెట్టి ఉంటే అసలు ఈ గొడవే వచ్చేది కాదు. రెడిస్ డాక్యుమెంటేషన్‌లోనే కీల పేర్ల గురించి ఒక సలహా ఉంది: ఒక పద్ధతి పెట్టుకోండి, వస్తువు రకం, కోలన్, నంబరు అయితే బాగుంటుంది, 'యూజర్:1000' లాగా. మా టీమ్ అది చదివింది, పక్క టీమ్ కూడా అదే చదివింది. ఇద్దరమూ శ్రద్ధగా పాటించాం. పాటించినందుకే గుద్దుకున్నాం.

పేర్లు పెట్టడం గురించి మనకు చిన్నప్పటినుంచీ, అంటే మొదటి ఉద్యోగం నుంచీ, చెప్పేది ఒకటే: పేరు చూడగానే అదేమిటో తెలియాలి. మంచి సలహానే. కానీ ఆ సలహాని అందరూ బాగా పాటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఒకే పని చేసే ఇద్దరు తెలివైన వాళ్లు ఒకే పేరుకి చేరుకుంటారు. యూజర్‌కి 'యూజర్' కన్నా మంచి పేరు లేదు. సెట్టింగులకి 'కాన్ఫిగ్' కన్నా మంచి పేరు లేదు. పేరు ఎంత సరిగ్గా ఉంటే అది ఇంకొకరికి కూడా తట్టే అవకాశం అంత ఎక్కువ. అందుకని నేను చెప్పేదేమిటంటే, నలుగురూ వాడే చోట పెట్టే పేరు అది ఎవరిదో ముందు చెప్పాలి, ఏమిటో తర్వాత చెప్పాలి. మొదటి సగం లేని పద్ధతి ఎంత అందంగా ఉన్నా, అది నేమ్ క్లాష్‌ని, అంటే ఒకే పేరు రెండిటికి పడటాన్ని, ఆపదు. దగ్గరుండి తెస్తుంది.

మన ఊళ్లలో ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. మా ఊరు తెనాలి దగ్గర. మా తాత పేరు సత్యనారాయణ. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం కాబట్టి మా పెదనాన్న కొడుకూ సత్యనారాయణే, మా బాబాయి కొడుకూ సత్యనారాయణే. పైగా ఊళ్లో ఆ దేవుడి పేరు పెట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అంటే ఇక్కడా పేర్లు కలిసిపోయింది ఆచారం తప్పినందుకు కాదు, అందరూ ఒకే ఆచారం పాటించినందుకు. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇంటిపేరు. అదీ పేరు చివర కాదు, ముందు. బడి రిజిస్టర్లోనైనా, పెళ్లి శుభలేఖలోనైనా ముందు ఇల్లు, తర్వాత మనిషి. ఇల్లు కూడా ఒకటే అయిన మా అన్నదమ్ముల్లాంటి వాళ్లకి పెద్ద సత్యం, చిన్న సత్యం. ఇంట్లో మాత్రం మా పెద్దమ్మ ఏనాడూ కొడుకుని ఇంటిపేరుతో పిలవలేదు. "ఒరేయ్ సత్యం" అంటే చాలు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

భాష చూసుకుంటుంది కదా

ఇది చెప్పినప్పుడల్లా ఎదురయ్యే మొదటి అభ్యంతరం: ఇప్పటి భాషలన్నిట్లో మాడ్యూళ్లు, ప్యాకేజీలు, నేమ్‌స్పేస్‌లు, అంటే పేర్లు కలవకుండా అడ్డుగోడలు, ఉన్నాయి కదా, ఇదంతా సీ భాష రోజుల బాధ కదా అని. అందులో నిజముంది. 1989 నాటి సీ స్టాండర్డ్ ప్రకారం బయటికి కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలనే కంపైలర్ పట్టించుకున్నా చాలు. స్ట్రింగ్ కాపీకి 'స్ట్ర్‌సీపీవై' అని 6 అక్షరాల్లో కుక్కిన పేరు ఆ కాలం నుంచి వచ్చిందే. అంత ఇరుకులో ఇంటిపేరుకి చోటెక్కడ? జావా వచ్చాక డొమైన్ పేరుని తిరగేసి ముందు పెట్టుకునే పద్ధతి స్థిరపడింది, చాలా గొడవలు తగ్గాయి.

కానీ మా 412 కథలో భాష ఏం చేయగలదు? పైథాన్ తన మాడ్యూళ్లని పద్ధతిగా వేరు చేసింది. నోడ్ కూడా చేసింది. ఆ రెండూ కలిసింది రెడిస్‌లో, అక్కడున్నది ఒకే ఒక్క పెద్ద గది. భాషల లోపల గోడలు కట్టుకున్నాం గానీ భాషలు కలిసే చోట్లన్నీ ఖాళీ స్థలాలే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, కుకీలు, క్యూల పేర్లు, /టెంప్ ఫోల్డర్లో ఫైళ్లు, సీఎస్ఎస్ క్లాసులు, క్లౌడ్‌లో బకెట్లు, ఇవన్నీ అలాంటివే. సర్వీసులని ముక్కలు చేసిన కొద్దీ మన కోడ్ ఈ ఖాళీ స్థలాల మీదే ఎక్కువ నడుస్తోంది. అంటే ఈ బాధ సీ భాషతో పోలేదు, చోటు మార్చుకుంది.

కుకీల సంగతి, అంటే సైట్లు మన బ్రౌజర్లో దాచే చిన్న గుర్తుల సంగతి, చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో రెండు జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులు రెండు పోర్టుల మీద నడపండి. ఒకదానిలో లాగిన్ అవ్వగానే రెండోది మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. కుకీలు పోర్టుని పట్టించుకోవు, హోస్టునే చూస్తాయి. రెండు ప్రాజెక్టులూ తమ కుకీకి జాంగో ఇచ్చిన 'సెషన్‌ఐడీ' అనే పేరునే వాడుతున్నాయి. సెట్టింగ్స్‌లో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది గానీ, కారణం తెలియక దీని మీద పూట పూటంతా పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను.

ఇంతకన్నా ఖరీదైనది 2024లో బయటికొచ్చింది. అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ స్టోరేజీలో ఫైళ్లు పెట్టుకునే గదిని బకెట్ అంటారు. మామూలుగా బకెట్ పేర్లు మన ఖాతాకి మాత్రమే సంబంధించినవి కావు, ఒకరు తీసుకున్న పేరు ఇంకే ఖాతాకీ దొరకదు. ఒక డెవలపర్ ఏదో ప్రయోగం కోసం ఒక ఖాళీ బకెట్ తెరిచాడు. ప్రైవేటుదే. ఒకటి రెండు రోజుల్లో బిల్లు చూస్తే 1,300 డాలర్లు దాటింది. ఒక్క రోజులో దాదాపు 10 కోట్ల రిక్వెస్టులు వచ్చిపడ్డాయి. బాగా వాడుకలో ఉన్న ఒక ఓపెన్ సోర్స్ టూల్, బ్యాకప్‌లు పెట్టుకోవడానికి ఉదాహరణగా డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో ఒక బకెట్ పేరు రాసి ఉంచింది. ఇతను పెట్టిన పేరు సరిగ్గా అదే. ఆ డిఫాల్ట్ మార్చకుండా వదిలేసిన ప్రతి చోటునుంచీ బ్యాకప్‌లు ఇతని బకెట్ తలుపు తడుతున్నాయి. పరీక్ష కోసం అతను అర నిమిషం లోపే ఆ తలుపు తెరిచి ఉంచితే 10 జీబీకి పైగా ఎవరెవరివో ఫైళ్లు వచ్చి పడ్డాయి. తర్వాత అమెజాన్ అనుమతి లేని రిక్వెస్టులకి బకెట్ యజమాని దగ్గర డబ్బు తీసుకోవడం మానేసింది. అది బిల్లు సమస్య. పేరు సమస్య అలాగే ఉండిపోయింది. ఆ టూల్ రాసినవాళ్లు ఉదాహరణలో ఎవరి ఇంటిపేరూ లేని పేరు రాశారు, అసలు ప్రమాదం అక్కడ మొదలైంది.

చదవడానికి అడ్డం కాదా

రెండో అభ్యంతరం నాకు నిజంగానే బరువైనది. ప్రతి పేరుకీ ముందు తోక తగిలిస్తే కోడ్ చదవడం నరకం అవుతుంది. ఒక ప్రాజెక్టులో నేను దాన్ని అనుభవించాను. ప్రతి ఫంక్షన్‌కీ, ప్రతి వేరియబుల్‌కీ, చివరికి లూప్ కౌంటర్‌కి కూడా ప్రాజెక్టు పేరు ముందుండాలని అక్కడి నియమం. మూడు లైన్లు చదివేసరికి కళ్లు ఆ ప్రిఫిక్స్‌ని, అంటే ముందు తగిలించిన ముక్కని, దాటేయడం నేర్చుకుంటాయి. దాటేయడం అలవాటయ్యాక, ఎక్కడైనా వేరే ప్రిఫిక్స్ ఉన్నా పట్టుకోలేవు. అంటే అతిగా వాడిన ఇంటిపేరు చేసే పని కూడా పోతుంది.

ఇక్కడే మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఇంట్లో "సత్యం", ఊళ్లో "పెద్ద సత్యం", బడి రిజిస్టర్లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. పేరు ఎంత దూరం వెళ్తుందో అంత పొడుగుండాలి. పది లైన్ల ఫంక్షన్ లోపల 'యూజర్' అంటే చాలు. గడప దాటి నలుగురిలోకి వెళ్లే క్షణాన, అంటే రెడిస్‌లో రాసేటప్పుడు, క్యూలో పెట్టేటప్పుడు, కుకీ పంపేటప్పుడు, ఇంటిపేరు తగలాలి. దాన్ని తగిలించే పని కూడా ఒక్క చోటే జరగాలి. మేం తర్వాత చేసింది అదే: రెడిస్‌తో మాట్లాడే కోడ్ అంతా ఒకే చిన్న ఫైలు గుండా పోయేలా చేసి, ప్రిఫిక్స్ అక్కడ తగిలించాం. మిగతా కోడ్‌లో ఎవరికీ అది కనిపించదు. జాంగో క్యాష్ సెట్టింగ్స్‌లో కీ ప్రిఫిక్స్ అని ఒకటి ఉంది. మేం అప్పుడు దాన్ని వాడకుండా కీలని నేరుగా రెడిస్‌లో రాశాం. అలాంటి ప్రిఫిక్స్ ఒక్కటి పెట్టి ఉంటే నిజామాబాద్ ఫోన్ వచ్చేది కాదు.

అప్పుడు ఒకాయన వేరే దారి చెప్పాడు. రెడిస్‌లో మామూలుగా 0 నుంచి 15 దాకా 16 డేటాబేసులుంటాయి కదా, మీరు 0 వాడండి, వాళ్లు 1 వాడతారు అని. పనిచేస్తుంది. కానీ 1 అంటే ఎవరు? ఆ సంగతి ఒకరి తలలో ఉంటుంది, వాళ్లు ఉద్యోగం మారితే దాంతోపాటే పోతుంది. పైగా చాలా సర్వర్ల మీద పంచి నడిపే రెడిస్ క్లస్టర్‌కి మారామంటే 0 ఒక్కటే మిగులుతుంది. నాకు అంకెల కన్నా పేర్ల మీదే నమ్మకం.

ఎవరి పేరు పెట్టాలి

సరే, ఎవరిదో చెప్పాలి అన్నాం. ఎవరిది? కంపెనీదా, టీమ్‌దా, ప్రాజెక్టుదా? నాకు ఇప్పటికీ పూర్తిగా తేలని ప్రశ్న ఇది.

కంపెనీ పేరు అనుకుందాం. నేను రెండేళ్లు పనిచేసిన ఒకచోట జావా ప్యాకేజీలన్నీ ఒక పాత కంపెనీ డొమైన్‌తో మొదలయ్యేవి. ఆ కంపెనీని ఇంకొకరు కొన్నారు, వాళ్లని మరొకరు కొన్నారు. డొమైన్‌ని ఎవరూ రెన్యువల్ చేయించలేదు. చివరికి అది ఎవరి చేతికి పోయిందో కూడా మాకు తెలియదు, మా కోడ్ మాత్రం రోజూ వాళ్ల ఇంటిపేరుతోనే తిరుగుతోంది.

జావాలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది, మీలో చాలామంది చేతులారా పడినదే. ఒరాకిల్ 2017లో జావా ఈఈని, అంటే పెద్ద సంస్థల సర్వర్ ప్రోగ్రాముల కోసం ఉన్న జావా భాగాన్ని, ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. కోడ్ ఇచ్చింది గానీ 'జావాఎక్స్' అనే ప్యాకేజీ పేరుని మార్పులు చేసి వాడుకునే హక్కు కుదరలేదు. 2020 చివర్లో జకార్తా ఈఈ 9 వచ్చేసరికి 'జావాఎక్స్' అన్న చోటల్లా 'జకార్తా' అయింది. ఒక్క ఫీచర్ పెరగలేదు, ఒక్క బగ్ తగ్గలేదు, పేరు మారిందంతే. 2022 నవంబరులో, జావాలో చాలామంది వాడే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3 వచ్చాక ఆ మార్పు మన ఆఫీసుల్లోకి దిగింది. అన్ని చోట్లా ఒకేసారి ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టినవాళ్లకి రెండో దెబ్బ: 'జావాఎక్స్.క్రిప్టో', 'జావాఎక్స్.ఎస్‌క్యూఎల్' లాంటివి జావా సొంతవి కాబట్టి అవి మారలేదు. ఒకే ఇంటిపేరుతో రెండు కుటుంబాలు ఉన్నాయని అప్పటిదాకా చాలామందికి తెలియదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఆపిల్‌ది. ఐఫోన్ ప్రోగ్రాములు రాసినవాళ్లకి 'ఎన్ఎస్‌స్ట్రింగ్', 'ఎన్ఎస్‌అర్రే' తెలిసే ఉంటాయి. ఆ ఎన్ఎస్ అంటే నెక్స్ట్‌స్టెప్, నెక్స్ట్ అనే కంపెనీ తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్. నెక్స్ట్ కంపెనీని ఆపిల్ 1997లో కలుపుకుంది. ఆ కంపెనీ పోయింది, ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు, అయినా ఆ రెండక్షరాలు ఎవరికీ అడ్డం రాలేదు. వాటి అర్థం తెలియని కుర్రాళ్లు కూడా హాయిగా వాడుకున్నారు. మన ఇంటిపేర్లూ అంతేగా. ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరి పేరు, ఏ ముత్తాతో చేసిన పని పేరు. అర్థం చెరిగిపోయినా గుర్తుగా పనిచేస్తూనే ఉంటుంది. అందుకని నేను చేరుకున్న మాట ఇది: ఇంటిపేరు నిజం చెప్పక్కర్లేదు, నిలకడగా ఉంటే చాలు. ఎవరో వెనక్కి లాక్కోగలిగిన పేరు మాత్రం కాకూడదు. టీమ్ పేరు వద్దు, టీమ్‌లు ఏడాదికోసారి మారతాయి. కంపెనీ పేరు వద్దు, అమ్ముడుపోతుంది. సర్వీసుకి మొదటి రోజు పెట్టుకున్న చిన్న పేరు, ఏ అర్థమూ లేకపోయినా సరే, అది మేలు. 'కోర్', 'కామన్', 'యాప్' మాత్రం ఇంటిపేర్లు కావు. అవి అందరివీ.

ఇంటిపేరు మరీ స్పష్టంగా ఉంటే ఏమవుతుందో కూడా ఒక కథ ఉంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ లైబ్రరీ తన ఫంక్షన్లన్నిటికీ 'ఎస్‌క్యూలైట్3_' అని ముందు పెట్టుకుంటుంది. ఒకప్పుడు తాత్కాలిక ఫైళ్లకి కూడా 'ఎస్‌క్యూలైట్_' అనే ప్రిఫిక్స్ ఉండేది. మెకాఫీ యాంటీవైరస్ లోపల ఎస్‌క్యూలైట్‌ని వాడటం మొదలుపెట్టాక విండోస్ వాడేవాళ్ల టెంప్ ఫోల్డర్లో ఆ పేరుతో ఫైళ్లు కనిపించసాగాయి. చిరాకుపడ్డ జనం ఆ పేరుని గూగుల్‌లో వెతికి, డెవలపర్ల ఫోన్ నంబర్లు పట్టుకుని, అర్ధరాత్రి లేపి మరీ గొడవ పెట్టారు. 2006లో వాళ్లు ఆ ప్రిఫిక్స్‌ని వెనక నుంచి ముందుకి తిరగేసి 'ఎటిల్క్యూస్_' అని మార్చారు. ఈ సంగతంతా ఆ కోడ్‌లోనే కామెంట్‌గా రాసి ఉంది. ఎవరిదో చెప్పాలి అనే నా వాదనకి ఇది సూటిగా ఎదురే. అయినా చూడండి, వాళ్లు ప్రిఫిక్స్‌ని తీసేయలేదు. తిరగేశారు. గుద్దుకోకుండా కాపాడే పని అది ఇప్పటికీ చేస్తోంది, తెలిసినవాళ్లకి ఎవరిదో ఇప్పటికీ చెబుతోంది.

హోదా చెప్పే ప్రిఫిక్స్ వేరు

ప్రిఫిక్స్‌లు పాడు చేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే హెచ్‌టీటీపీ హెడర్లకి ముందు 'ఎక్స్-' పెట్టే అలవాటు అలాంటిది. ఇది ఇంకా స్టాండర్డ్ కాదు, ప్రయోగంలో ఉంది అని దాని అర్థం. ప్రయోగంగా మొదలైనవి అందరూ వాడేశాక 'ఎక్స్-' తీసేయలేకపోయారు, తీస్తే పాతవి ఆగిపోతాయి. చివరికి 2012లో ఆర్ఎఫ్‌సీ 6648 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం వచ్చి ఇక కొత్తవాటికి అలా పెట్టొద్దంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. 'ఎక్స్-' ఎవరిదో చెప్పలేదు, ఏ దశలో ఉందో చెప్పింది. దశ మారిపోతుంది, పేరు మారదు. 'న్యూ', 'వీ2', 'టెంప్' అని ముందు పెట్టుకునే పేర్లకీ ఇదే గతి. మీ కోడ్‌లో 'న్యూ' అని మొదలయ్యే అతి పాత ఫంక్షన్ ఎన్నేళ్లదో ఒకసారి చూడండి.

కానీ సీఎస్ఎస్‌లో కనిపించే '-వెబ్‌కిట్-' దగ్గర నా వాదన కొంచెం తడబడుతుంది, ఒప్పుకోవాలి. అది ఇంటిపేరే, సఫారీ బ్రౌజర్ లోపల ఉండే వెబ్‌కిట్ ఇంజిన్‌ది. అయినా సైట్లు రాసేవాళ్లు దాన్నొక్కదాన్నే రాసి వదిలేయడంతో, 2016లో ఫైర్‌ఫాక్స్ 49 తనది కాని ఆ ఇంటిపేరుని కూడా అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఇంటిపేరు పెట్టినంత మాత్రాన పక్కింటివాళ్లు దాన్ని వాడకుండా ఉండరు. బయటి ప్రపంచంలోకి వెళ్లిన పేరు మీద మన చెయ్యి ఉండదు.

కాపలా లేని ఇంటిపేరు

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం భద్రత వైపు నుంచి వస్తుంది. ఇంటిపేరు ఎవరైనా తగిలించుకోవచ్చు కదా? 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే పరిశోధకుడు దీన్నే చూపించాడు. పెద్ద కంపెనీలు లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లు సేకరించి, అవే పేర్లతో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్‌ది), పైపీఐ (పైథాన్‌ది) లాంటి బహిరంగ చోట్ల ప్యాకేజీలు పెట్టాడు. ఆ కంపెనీల బిల్డ్ సర్వర్లు తమ సొంతదాన్ని వదిలేసి బయటిదాన్ని తెచ్చుకుని నడిపించాయి. 35కి పైగా సంస్థల్లో అతని కోడ్ నడిచింది. అతను మంచివాడు కాబట్టి వాళ్లకి చెప్పాడు. 2022 డిసెంబరులో పైటార్చ్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీకి ఇలాంటిదే జరిగినప్పుడు అటువైపు ఉన్నవాళ్లు చెప్పలేదు. పైటార్చ్ రోజూ విడుదల చేసే ప్రయోగ వెర్షన్లు, అంటే నైట్లీ బిల్డులు, 'టార్చ్‌ట్రైటన్' అనే ప్యాకేజీని తమ సొంత ఇండెక్స్ నుంచి తెచ్చుకోవాలి. ఎవరో అదే పేరుతో పైపీఐలో ఒకటి పెట్టారు. 25 నుంచి 30 తేదీల మధ్య లైనక్స్‌లో పిప్‌తో ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి ఆ దొంగ ప్యాకేజీ వెళ్లింది.

పైటార్చ్ వాళ్లు దాన్ని ఎలా సరిచేశారో చూడండి. పేరుని 'పైటార్చ్-ట్రైటన్' అని మార్చారు, అంటే తమ పూర్తి ఇంటిపేరు పెట్టారు. దాంతో ఆగలేదు. అదే పేరుతో పైపీఐలో కూడా ఒక ప్యాకేజీని ముందే నమోదు చేసి, ఇంకెవరూ కూర్చోకుండా చోటు పట్టుకున్నారు. ఈ రెండో పని లేకపోతే మొదటిదానికి విలువ లేదు. జావా ప్యాకేజీలు దొరికే మావెన్ సెంట్రల్‌లో ఒక డొమైన్ పేరు కింద ప్యాకేజీలు పెట్టాలంటే ఆ డొమైన్ మీదేనని నిరూపించుకోవాలి. ఎన్‌పీఎంలో '@' తో మొదలయ్యే స్కోప్ అనే ఇంటిపేరు, ఆ పేరుతో ఖాతా ఉన్నవాళ్లకే దక్కుతుంది. రెడిస్‌లో కూడా 2020లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి, ఫలానా ప్రిఫిక్స్ ఉన్న కీలని మాత్రమే ముట్టుకోగలిగేలా ఒక్కో యాప్‌కీ ఒక్కో లాగిన్ ఇవ్వొచ్చు. మా టీమ్‌లో ఇప్పుడు అదే చేస్తున్నాం. ప్రిఫిక్స్ మర్చిపోయి రాస్తే రెడిస్ ఒప్పుకోదు, అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. ఆ రెండు రోజులూ మేం వెతికింది సరిగ్గా అలాంటి ఎర్రర్ కోసమే.

కాబట్టి ఆ అమ్మాయికి నేను ఇవ్వాల్సిన పూర్తి జవాబు ఇది. ఈ రెడిస్‌ని మనం ఒక్కళ్లమే వాడుతున్న మాట నిజం. మా పాత కంపెనీలో కూడా మార్చే ముందు రోజు వరకూ అది నిజమే. పక్కన ఇంకొకరు చేరేది మనకు చెప్పి కాదు, ఖర్చు తగ్గించాలని ఎవరో ఒక సాయంత్రం నిర్ణయిస్తారు. ఆ రోజున మన కీలు లక్షల్లో ఉంటాయి, వాటికి అప్పుడు ఇంటిపేరు పెట్టడం అంటే నడుస్తున్న బండికి చక్రాలు మార్చడమే. ఈ రోజు పెడితే ఒక్క లైను.

ఈ జవాబు చదివాక ఆమె మా ప్రిఫిక్స్‌ల జాబితా ఉన్న ఫైలు తెరిచి చూసింది. ప్రతి ప్రిఫిక్స్ పక్కనా దానికి ఎవరు జవాబుదారో రాసి ఉంటుంది. అందులో ఒకదాని పక్కన ఉన్న మనిషి ఉద్యోగం మానేసి ఏడాదైంది. "సార్, దీని కీలు రెడిస్‌లో ఇంకా ఉన్నాయి, రోజూ కొత్తవి వస్తున్నాయి. ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది. నాకు తెలియదు. తీసేద్దామా అంది. ఎవరిదో తెలిసేదాకా వద్దన్నాను. ఈ వారం ఇద్దరం కలిసి అదే వెతుకుతున్నాం.